తొట్టి నీళ్లలో ఆల్కలినిటీ ఎందుకు కొలవాలి

(హైదరాబాద్‌లో అక్వేరియం పెంచేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం అండీ. నాకు ఇచ్చిన అంశం ‘అక్వేరియంలో పీహెచ్ తగ్గించడం ఎలా’. అది చివర్లో చెప్తాను. ముందే చెప్పేస్తే సగం మంది టీకి లేచిపోతారు. పైగా ఇక్కడున్న వాళ్లలో ఎక్కువ మందికి ఆ అవసరమే లేదని నా అనుమానం.

చాలాకాలం భీమవరం వైపు ఆక్వా ల్యాబుల్లో నీళ్లు పరీక్ష చేసే పని నాది. పొద్దున్నే సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని వచ్చే రైతు కౌంటరు దగ్గర నిలబడి, ‘ఆల్కలినిటీ ఎంతొచ్చిందండీ’ అని అడుగుతాడు. వనామీ రొయ్య వేసిన ప్రతి రైతుకీ ఆ మాట నోట్లో నానిపోయింది. హైదరాబాద్ వచ్చాక చూస్తే, హాల్లో నాలుగడుగుల తొట్టి పెట్టుకున్నాయన దగ్గర పీహెచ్ పెన్ను ఉంటుంది, నీళ్లలో కరిగిన లవణాలు చెప్పే టీడీఎస్ మీటరు ఉంటుంది, పీహెచ్ పెంచే సీసా, తగ్గించే సీసా రెండూ ఉంటాయి. ఆల్కలినిటీ కిట్టు మాత్రం ఉండదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ లేని కిట్టు గురించే.

పీహెచ్ సంగతి త్వరగా ముగిద్దాం, అది మీకు తెలిసిందే. 1909లో కోపెన్‌హేగన్‌లో, కార్ల్స్‌బర్గ్ వాళ్ల ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త ఈ కొలత పెట్టాడు. అవునండీ, ఆ కార్ల్స్‌బర్గే. (నవ్వులు) ఏడు దగ్గర తటస్థం, కిందికి పోతే ఆమ్లం, పైకి పోతే క్షారం. ఒక్క అంకె మారితే పదింతలు మారినట్టు. ఎనిమిది నుంచి ఆరుకి పడిందంటే రెండు అంకెలే కదా అనిపిస్తుంది, చేపకి అది నూరింతల మార్పు.

ఆల్కలినిటీ వేరు. నీళ్లలో ఆమ్లం పుడితే దాన్ని మింగేసే సరుకు ఎంత నిల్వ ఉందో అది చెప్తుంది. మన తొట్లలో ఆ సరుకు దాదాపు అంతా బైకార్బొనేటే. లెక్క మాత్రం ‘లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం’ అని కడతారు. అక్వేరియం కిట్లలో అదే కేహెచ్ డిగ్రీల్లో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే సుమారు 18 మిల్లీగ్రాములు.

కంచంలో అన్నం చూసి గాదెలో ధాన్యం ఎంతుందో చెప్పలేం కదా. పీహెచ్ కంచం, ఆల్కలినిటీ గాదె. గాదె అడుగంటే ముందు రోజు దాకా కంచం నిండుగానే కనిపిస్తుంది. అందుకే ‘నిన్నటిదాకా పీహెచ్ ఏడున్నర ఉందండీ, రాత్రికి రాత్రి పడిపోయింది’ అంటారు. రాత్రికి రాత్రి ఏమీ జరగలేదు. నెలల తరబడి తరుగుతూ వచ్చింది, కొలిచినవాళ్లు లేరు.

ఎందుకు తరుగుతుంది? మేత వల్ల. చేప తిన్న మాంసకృత్తులు అమ్మోనియాగా బయటికొస్తాయి. ఫిల్టర్లో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. మనకి కావాల్సింది అదే, కాకపోతే ఆ పని జరిగేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారితే ఏడు మిల్లీగ్రాములకి పైగా ఆల్కలినిటీ హరించుకుపోతుంది. పుస్తకాల్లో 7.14 అని ఉంటుంది.

దీన్ని మీ ఇంటి లెక్కలోకి తెద్దాం. వంద లీటర్ల తొట్టి. రోజుకి ఒక గ్రాము మేత. నలభై శాతం ప్రొటీన్ అంటే 400 మిల్లీగ్రాములు. అందులో నైట్రోజన్ ఆరో వంతు లోపు, 64. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత రెట్టలో పోతుంది, సుమారు 40 మిల్లీగ్రాములు అమ్మోనియాగా వస్తుందనుకోండి. దాన్ని ఏడుతో గుణిస్తే 280. వంద లీటర్లకి పంచితే లీటరుకు 2.8. వారానికి దగ్గర దగ్గర 20 మిల్లీగ్రాములు, అంటే ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ. మీ తొట్టిలో మొక్కలు దట్టంగా ఉంటే ఇంత పోదు, అవి అమ్మోనియాని నేరుగా లాక్కుంటాయి. చేపలు కిక్కిరిసి ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది.

ఇప్పుడు వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తున్నారు. మంచి అలవాటే. కానీ లెక్క చూడండి. వారానికి 20 పోతోంది. మీరు మార్చే పావు వంతు ఆ 20ని తిరిగి తేవాలంటే, కొత్త నీళ్లకీ తొట్టి నీళ్లకీ మధ్య 80 తేడా ఉండాలి. కాబట్టి మీ కుళాయి నీళ్లు 300 ఉంటే తొట్టి 220 దగ్గర నిలబడుతుంది, హాయి. కుళాయి 100 అయితే తొట్టి 20 దగ్గర నిలబడుతుంది, అంటే అంచు మీద. కుళాయి 40 అయితే నిలబడటం అనేదే లేదు, గాదె ఖాళీ అవుతుంది. ముగ్గురూ ఒకే మేత వేశారు, ఒకే పావు వంతు మార్చారు. ఒకాయన చేపలు ఏళ్ల తరబడి బతుకుతాయి, ఇంకొకాయన ‘నాకు చేపలు అచ్చిరావండీ’ అని తొట్టి అమ్మేస్తాడు.

(సభలోంచి ప్రశ్న: ఆర్వో నీళ్లే వాడితే మంచిది కాదా?)

నలభై దాకా ఎక్కడండీ, ఇంట్లో ఆర్వో మెషీను నీళ్లలో కేహెచ్ చాలాసార్లు ఒకటీ రెండు డిగ్రీలు కూడా ఉండదు. మనం తాగడానికి రుచిగా ఉన్నాయని చేపకీ అవే పోస్తున్నాం. స్వచ్ఛమైన నీళ్లు అన్న మాట చేపల విషయంలో మర్చిపోండి. ఉత్త ఆర్వో నీళ్లతో నింపిన తొట్టిలో మొదటి రెండు మూడు వారాలు అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత పీహెచ్ ఆరుకి, ఆరు కిందికి దిగుతుంది. అక్కడ ఇంకో సమస్య: పీహెచ్ ఆరున్నర కిందికి పోయే కొద్దీ ఫిల్టర్లో బాక్టీరియా మందగిస్తుంది, ఆరు దగ్గర దాదాపు పని మానేస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ చేపలు చచ్చేది ఇక్కడే. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విషం, మొప్పల్లోంచి నేరుగా ఒంట్లోకి పోతుంది. రెండోది అమ్మోనియం, దానితో అంత ప్రమాదం లేదు. ఏది ఎంత అనేది పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ ఏడు దగ్గర విషరూపం అర శాతం చిల్లర. ఎనిమిది దగ్గర అయిదు శాతం పైన. తొమ్మిది దగ్గర మూడో వంతు దాటుతుంది. మన వేసవిలో నీళ్లు 30 డిగ్రీలకి వెళ్తే ఇంకా పెరుగుతుంది. మీ కిట్టు చూపించే అంకె ఈ రెండిటి మొత్తం. అందుకే ఒకే రెండు పీపీఎం, అంటే లీటరుకు రెండు మిల్లీగ్రాములు, ఒక తొట్టిలో ఏమీ చెయ్యదు, ఇంకో తొట్టిలో తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయి.

ఇప్పుడు ఆ పాత తొట్టిని ఊహించుకోండి. పీహెచ్ ఆరు. అమ్మోనియా బాగా పేరుకుంది, కానీ అంతా అమ్మోనియం రూపంలో ఉంది కాబట్టి చేపలు నీరసంగానైనా బతికున్నాయి. ఇంటాయన పండగ ముందు తొట్టి శుభ్రం చేద్దామని సగం నీళ్లు తీసి, పీహెచ్ ఎనిమిదున్న బోరు నీళ్లు పోశాడు. పీహెచ్ ఎగిసింది. ఆరు నుంచి ఎనిమిదికి పోతే విషరూపం వాటా దాదాపు వంద రెట్లు అవుతుంది. సాయంత్రానికి చేపలు పోయాయి. ‘బోరు నీళ్లు పడలేదు’ అంటాడు. బోరు నీళ్లలో ఏ లోపమూ లేదు, అప్పటికే ఉన్న అమ్మోనియాకి అవి కోరలు ఇచ్చాయి.

అలాంటి తొట్టి మీ చేతికొస్తే మొదట మేత ఆపండి. అమ్మోనియాని పట్టి ఉంచే కండిషనర్ షాపుల్లో దొరుకుతుంది, అది వెయ్యండి. ఆ తర్వాత పదో వంతు చొప్పున, రోజుకి ఒకటి రెండుసార్లు, కొన్ని రోజులపాటు నీళ్లు మార్చండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, అందులో మిగిలిన బాక్టీరియానే మీకు దిక్కు. ఇంతే. ఒక్కరోజులో బాగుచెయ్యాలనుకుంటే ఒక్కరోజులో చంపుతారు.

సరే, మన నీళ్ల దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌కి మంజీరా నీళ్లు, నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వస్తాయి. ఇవి నది నీళ్లు. కింద బోరు వేస్తే వచ్చేవి గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నానిన నీళ్లు, ఆల్కలినిటీ నదికంటే బాగా ఎక్కువ. తాగేనీటి ప్రమాణం, ఐఎస్ 10500, ఆల్కలినిటీ 200 లోపు ఉంటే మేలు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు అంటుంది. కాబట్టి ‘మా నీళ్లు టెస్టులో పాసయ్యాయి’ అంటే చేపల మనిషికి ఏమీ చెప్పినట్టు కాదు. 60 కూడా పాసే, 500 కూడా పాసే.

అసలు చిక్కు అపార్ట్‌మెంటు సంపులో ఉంది. అందులోకి కుళాయి నీళ్లు వస్తాయి, అవి చాలకపోతే బోరు వేస్తారు, వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు నీళ్లు ఏ ఊరి బోరువో డ్రైవరుకే తెలియాలి. అన్నీ కలిసి పైకెక్కుతాయి. మీరు సోమవారం కొలిస్తే 120, వచ్చే సోమవారం 350. మీరు మార్చింది పావు వంతు నీళ్లే అయినా తొట్టిలో ఆల్కలినిటీ ఎటో అటు ఊగుతుంది. దీనికి నేను చెప్పేది ఒక్కటే: నీళ్లు మార్చే ముందు తొట్టిని కాదు, బకెట్‌ని కొలవండి. కేహెచ్ కిట్టుతో రెండు నిమిషాల పని. అయిదు మిల్లీలీటర్ల నీళ్లలో చుక్కలు వేస్తూ పోతే నీలం నుంచి పసుపుకి తిరుగుతుంది. ఎన్ని చుక్కలకి తిరిగిందో అన్ని డిగ్రీలు. తేడా బాగా ఎక్కువ ఉంటే ఆ వారం తక్కువ నీళ్లు మార్చండి, లేదా ఆర్వో కలిపి సరిచేసి పొయ్యండి. వాచ్‌మన్‌తో స్నేహంగా ఉంటే ట్యాంకరు వచ్చిన రోజు చెప్తాడు, ఇది కిట్టు కంటే చవక. (నవ్వులు)

బోరు నీళ్ల పీహెచ్ గురించి ఒక మాట. పట్టిన వెంటనే కొలిస్తే ఏడు రావచ్చు. అదే బకెట్‌లో రాత్రంతా ఎయిర్ స్టోన్ వేసి పొద్దున కొలిస్తే ఎనిమిది దాటుతుంది. కిట్టు తప్పు కాదు. భూమిలోంచి వచ్చేటప్పుడు ఆ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అది గాలిలోకి పోగానే పీహెచ్ పైకి లేస్తుంది. ఆల్కలినిటీ మాత్రం రెండుసార్లూ ఒకటే వస్తుంది. నమ్మదగిన కొలత ఏదో దీన్నిబట్టే తెలియట్లేదా? మొక్కలున్న తొట్టిలోనూ ఇంతే. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ చేరి తెల్లవారుజామున పీహెచ్ తక్కువ, సాయంత్రం ఎక్కువ. ఆల్కలినిటీ బాగుంటే ఈ ఊగిసలాట చిన్నది. రొయ్యల రైతులు అందుకే పొద్దునా మధ్యాహ్నమూ రెండుసార్లు కొలుస్తారు. మీరు కొలిస్తే కనీసం రోజూ ఒకే సమయానికి కొలవండి.

ఇంకో సంగతి. కేహెచ్ వేరు, జీహెచ్ వేరు. జీహెచ్ కాల్షియం, మెగ్నీషియంల లెక్క, అంటే నీళ్ల గట్టిదనం. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల బోర్లలో తరచూ కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. అక్కడ కేహెచ్ జీహెచ్‌ని మించి వస్తే కిట్టు పాడైందనుకోకండి. కాచి చల్లార్చితే ఆల్కలినిటీ తగ్గుతుందని చదివి ఆ నీళ్లని కాస్తే ఫలితం ఉండదు. కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది కాల్షియం కార్బొనేట్. కాల్షియమే లేకపోతే ఏం పేరుకుంటుంది?

తొట్టిలో వేసే రాళ్లు. ఇది మనవాళ్లు పట్టించుకోరు. కడప బండ, తాండూరు రాయి, బేతంచెర్ల రాయి, ఈ మూడూ సున్నపురాళ్లే. ఇల్లు కట్టగా మిగిలిన ముక్కలు అందంగా ఉన్నాయని తొట్టిలో పేరిస్తే అవి నెమ్మదిగా కరిగి ఆల్కలినిటీ, కాల్షియం రెండూ పెంచుతాయి. పాలరాతి ముక్కలు, సముద్రం దగ్గర ఏరుకొచ్చిన గవ్వలు కూడా అంతే. గ్రానైటు కరగదు. అనుమానం ఉంటే రాయి మీద కాస్త వెనిగర్ వేసి చూడండి, నురగొస్తే సున్నపురాయి. వెనిగర్ బలం తక్కువ కాబట్టి నురగ సన్నగా ఉంటుంది, దగ్గరగా చూడాలి. మరి అవి వెయ్యకూడదా అంటే, ఎవరికి అన్నదాన్నిబట్టి. ఆల్కలినిటీ నిలవని తొట్టికి అదే మందు. గుల్లల్ని శుభ్రంగా కడిగి, నలగ్గొట్టి, వలసంచిలో కట్టి ఫిల్టర్లో పెట్టండి. నీళ్లు ఆమ్లం వైపు దిగే కొద్దీ ఎక్కువ కరుగుతుంది, పీహెచ్ ఎనిమిది దాటితే దాదాపు కరగదు. తనంతట తనే ఆగే మందు ఇంకేం కావాలి?

త్వరగా పెంచాలంటే వంటసోడా. వంద లీటర్లకి మూడు గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. మగ్గులో కరిగించి, ఫిల్టరు నీళ్లు పడేచోట నెమ్మదిగా పొయ్యండి. రోజుకి ఒకటి రెండు డిగ్రీలు మించొద్దు. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పిండీ ఆమ్లమూ కలిపి ఉంటాయి, అది వద్దు. చాకలిసోడా వద్దు, అది పీహెచ్‌ని ఒక్కసారిగా ఎగదోస్తుంది. రొయ్యల చెరువుకి సున్నం వేస్తారు కదా అని తమలపాకులోకి వాడే సున్నం వేసినవాళ్లనీ చూశాను. చెరువులో ఎక్కువగా వేసేది సున్నపురాయి పొడి, డోలమైట్. వక్కాకు సున్నం సంగతి అలా కాదు, దాని పీహెచ్ పన్నెండు. అలాగే నీళ్లు మబ్బుగా ఉన్నాయని పటిక తిప్పకండి. పటిక ఆల్కలినిటీని తినేస్తుంది. నల్లగొండ పద్ధతిలో ఫ్లోరైడ్ తీసేటప్పుడు పటికతో పాటు సున్నం కలిపేది అందుకే.

ఇక ఇచ్చిన అంశం. పీహెచ్ తగ్గించడం.

మీ నీళ్ల ఆల్కలినిటీ 300, పీహెచ్ 8.3 అనుకోండి. పీహెచ్ తగ్గించే సీసాలో ఉండేది ఏదో ఒక ఆమ్లం. పది చుక్కలు వేశారు, గంటలో ఏడున్నర వచ్చింది, సంతోషం. మర్నాడు మళ్లీ 8.2. ఎందుకంటే ఆ ఆమ్లం కొంత బైకార్బొనేట్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చింది, ఆ వాయువే కాసేపు పీహెచ్‌ని దించింది, ఎయిర్ పంపు దాన్ని బయటికి తోసేయగానే యథాస్థితి. మీరు మళ్లీ వేశారు, మళ్లీ లేచింది. రోజూ చేపకి ఊయల. ఇలా వేస్తూ పోతే ఒకరోజు గాదె నిజంగానే ఖాళీ అవుతుంది, ఆ రోజు అవే పది చుక్కలకి పీహెచ్ అయిదుకి కూలుతుంది. ఆ ఆమ్లం ఫాస్ఫేటుతో చేసిందైతే పైగా పాచి బహుమానం. నిమ్మరసం, వెనిగర్ అయినా కథ ఇదే.

నిజంగా తగ్గించాలంటే ఒకటే దారి, ఆల్కలినిటీని తగ్గించడం. అంటే ఆర్వో నీళ్లు కలపడం. 300 ఉన్న బోరు నీళ్లు ఒక వంతు, ఆర్వో మూడు వంతులు కలిపితే 75కి వస్తుంది. ఆ నిష్పత్తి గోడ మీద రాసి పెట్టుకోండి, ప్రతిసారీ అదే. తొట్టిలోకి మాత్రం మెల్లగా, వారాల మీద దించండి.

(ప్రశ్న: బాదం ఆకులు వేస్తే తగ్గదా సార్?)

మన పెరళ్లలో ఉండే బాదం చెట్టు ఎండుటాకులే కదా. మంచివే, నేనూ వేస్తాను. వాటిలో టానిన్లు, బలహీనమైన ఆమ్లాలు. నీళ్లు టీ రంగుకి వస్తాయి, బెట్టాలకి బాగా నచ్చుతుంది. కానీ 300 ఆల్కలినిటీ ముందు ఆ ఆకులు నిలబడలేవు. రంగు మారుతుంది, పీహెచ్ అక్కడే ఉంటుంది. ఆర్వో కలిపి కేహెచ్ రెండు మూడు డిగ్రీలకి దించాక వేస్తే పని చేస్తాయి.

(ప్రశ్న: ఏ చేపకి ఎంత ఉండాలో చెప్పండి.)

గప్పీలు, మోలీలు, ప్లాటీలు పెంచేవాళ్లు మీ బోరు నీళ్లకి దండం పెట్టుకోండి, వాటికి గట్టి నీళ్లే ఇష్టం. గోల్డ్ ఫిష్‌కి కూడా ఇబ్బంది లేదు. ఆఫ్రికాలో మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్లకి ఎనిమిదికి పైనే ఉండాలి. ఫారాల్లో పుట్టి పెరిగిన ఏంజెల్స్, బార్బులు ఏడు ఎనిమిది మధ్య ఎక్కడైనా సర్దుకుంటాయి, రోజుకో అంకె మారకుండా ఉంటే చాలు. చిక్కంతా డిస్కస్, కార్డినల్ టెట్రా లాంటి అమెజాన్ చేపలతో, అదీ గుడ్లు పెట్టించి పిల్లలు తీయాలనుకుంటే. మామూలు పెంపకానికి ఆల్కలినిటీ 70 నుంచి 150 మధ్య పెట్టుకోండి, మీకూ నిద్ర పడుతుంది.

(ప్రశ్న: వేసవిలో నీళ్లు ఆవిరై తగ్గుతుంటే రోజూ పోస్తున్నాం. అదీ నీళ్లు మార్చినట్టే కదా?)

కాదండీ. ఆవిరయ్యేది ఉత్త నీళ్లు. లవణాలన్నీ తొట్టిలోనే ఉంటాయి. మీరు పైన బోరు నీళ్లు పోస్తే కొత్త లవణాలు కూడా చేరతాయి. మే నెల గడిచేసరికి గట్టిదనం ఎక్కడికో పోతుంది. తరిగిన మట్టానికి ఆర్వో నీళ్లు పొయ్యండి. నీళ్లు మార్చేటప్పుడు, అంటే తొట్టిలోంచి తీసి పోసేటప్పుడు, మీరు మామూలుగా వాడే నీళ్లు పొయ్యండి. మట్టం గుర్తుకి అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీత గీసుకోండి. అయితే ముందు ఆ గీత దాకా నింపి, తర్వాత కొలవండి. సగం ఆవిరైన తొట్టిలో కేహెచ్ కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.